పాత ఇటాలియన్ రెస్టారెంట్‌కి కుటుంబమంతా వెళ్తున్నాం, ఏం ఆర్డర్ చేస్తే బాగుంటుంది?

సాయంత్రపు_గాలి

అందరికీ నమస్కారం. వచ్చే వారం మా అమ్మానాన్నల పెళ్లిరోజు. ఎక్కడికి వెళదామని అడిగితే నాన్న ఎప్పటిలాగే "మన పాత ఇటాలియన్ రెస్టారెంట్‌కే" అన్నారు. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే అది ఉండేదట. ఎర్ర గళ్ల టేబుల్ క్లాత్‌లు, గోడల నిండా పాత ఫొటోలు. అప్పట్లో తండ్రి నడిపేవారు, ఇప్పుడు కూతురు చూసుకుంటోంది. నాన్న ఎప్పుడు వెళ్లినా క్రీమ్ వేసిన కార్బొనారా పాస్తా, అమ్మ లసాన్యా (పాస్తా రేకుల మధ్య సాస్, చీజ్ పొరలు పెట్టి కాల్చేది). ఇద్దరూ మెనూ కార్డు తెరవను కూడా తెరవరు.

ఈసారి తమ్ముడు ఒప్పుకోవడం లేదు. అక్కడ పెట్టేది అసలు ఇటాలియన్ వంటే కాదట, కార్బొనారాలో ఇటలీలో ఎవరూ క్రీమ్ వేయరట. కొత్తగా పెట్టిన కట్టెల పొయ్యి పిజ్జా చోటికి వెళదామని పట్టుబట్టాడు. నాన్న పైకి ఏమీ అనలేదు గానీ మనసు చిన్నబుచ్చుకున్నారు. అది చూశాక నాకు టెన్షన్ మొదలైంది.

మేం ఆరుగురం. అమ్మ, నాన్న, నానమ్మ (గట్టివి నమలలేదు), తమ్ముడు, మరదలు (శాకాహారి, గుడ్డు కూడా తినదు), నేను. తమ్ముడు చెప్పినదాంట్లో నిజం ఎంత? పాత చోటికే వెళ్తే అందరూ తృప్తిగా తినేలా ఎలా ఆర్డర్ చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

పొయ్యిదగ్గర

అమ్మా, నేను ఇటాలియన్ కిచెన్లలో చాలాకాలం పనిచేశాను. అందుకని లోపలివైపు నుంచి చెబుతాను.

పాత రెస్టారెంట్‌కి వెళ్తే రోజూ పెద్ద గిన్నెలో ఉడికేదే అడగండి. మాంసపు రగూ (మాంసంతో వండే చిక్కటి సాస్), లసాన్యా, కూరగాయల మినెస్ట్రోనె సూప్, టొమాటో సాస్. ఇవి ప్రతి రోజూ చేస్తారు, ప్రతి రోజూ అమ్ముడవుతాయి, చేసేవాళ్ల చేయి తిరిగి ఉంటుంది. రగూ అయితే సన్నని సెగ మీద కనీసం రెండు మూడు గంటలు ఉడకాలి. ఒక ప్లేటు కోసం అప్పటికప్పుడు చేయడం ఎవరివల్లా కాదు. ఏళ్ల తరబడి ఒకే రగూ వండిన చేతికి రుచి చూడకుండానే ఉప్పు ఎంతో తెలిసిపోతుంది. పాత చోటి బలం ఇదే.

మెనూలో ఒక మూలన ఉండి ఎవరూ అడగని వంటకాల జోలికి మాత్రం వెళ్లకండి. ఎనభై వంటకాలున్న మెనూ అంటే అందులో సగానికి పైగా ఫ్రీజర్‌లోంచి వచ్చేవే అనుకోవచ్చు. కూర్చోగానే "ఈరోజు ఇక్కడే చేసినవి ఏంటి?" అని అడగండి. నిజాయితీగా నడిపే చోట ఈ ప్రశ్నకి వాళ్ల ముఖం వెలిగిపోతుంది. తడబడితే మాత్రం టొమాటో సాస్ పాస్తా చెప్పుకుని, డెజర్ట్ తిని వచ్చేయండి.

రద్దీ వేళల్లో చాలా కిచెన్లు ఎండు పాస్తాని ముందే ముప్పాతిక వంతు ఉడికించి పెట్టుకుంటాయి. ఆర్డర్ రాగానే పెనంలో సాస్‌తో కలిపి మిగతాది పూర్తి చేస్తారు. ఇందులో మోసమేమీ లేదు, అలా చేయకపోతే ప్లేట్లు టైముకి బయటికి రావు. కానీ పచ్చి నుంచి ఉడికించి, అదే నీళ్లు గరిటెడు సాస్‌లో పోసి తిప్పితే ఆ చిక్కదనమే వేరు. పాస్తా ఉడికిన నీళ్లలో పిండిపదార్థం దిగుతుంది. నూనె, చీజ్ విడిపోకుండా ఒకటిగా పట్టి ఉంచేది అదే. మీకు అలాంటి ప్లేటు కావాలంటే వారం మధ్యలో, తెరిచిన మొదటి గంటలో వెళ్లండి. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్లి గొప్ప పాస్తా ఆశించడం కిచెన్‌కి అన్యాయం.

బొలోన్యా_విద్యార్థి

చదువు కోసం ఇటలీలో ఉండి వచ్చాను, కాబట్టి మీ తమ్ముడి తరఫున నేను మాట్లాడతాను. కార్బొనారా విషయంలో ఆయన చెప్పింది నిజమే. ఇవాళ రోమ్‌లో కార్బొనారా అంటే పంది బుగ్గ మాంసంతో చేసే గ్వాంచాలె, గొర్రె పాల పెకొరీనో రొమానో, గుడ్లు, మిరియాలు. అంతే. ఆ మృదుత్వం గుడ్డుసొన, చీజ్, పాస్తా నీళ్లు కలిసినప్పుడు వస్తుంది. క్రీమ్ పోస్తే గుడ్డు గడ్డకడుతుందన్న భయం పోతుంది, నైపుణ్యం అవసరం కూడా పోతుంది. నా బాధ అదే.

ఇటలీలోని బొలోన్యా నగరంలో రగూని స్పగెట్టితో తినరు. గుడ్డు కలిపి చేసిన వెడల్పు పాస్తా తాల్యతెల్లెతో తింటారు, ఎందుకంటే సన్నటి స్పగెట్టి మీద మాంసం నిలవక ప్లేటు అడుగుకి జారిపోతుంది. అక్కడివాళ్లకి ఇది ఎంత పట్టింపంటే, ఉడికిన తాల్యతెల్లె వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో నగర వాణిజ్య మండలిలో నమోదు చేయించారు. రగూ రెసిపీని 1982లో అక్కడే దాఖలు చేశారు, 2023లో దాన్ని సవరించారు కూడా.

నేను చెప్పేది ఒక్కటే. పాతదైనంత మాత్రాన ప్రతిదీ సరైనదైపోదు. వంట పుట్టిన ఊరి పద్ధతికి కొంచెం గౌరవం ఇవ్వమని అడగడంలో తప్పు లేదు.

చరిత్రపిచ్చి

బొలోన్యా గారూ, గౌరవం సంగతి సరే. కానీ "అసలు" అనే మాట దగ్గర కాస్త ఆగుదాం.

కార్బొనారా అనుకున్నంత పాతది కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆ పేరుతో అచ్చయిన రెసిపీ దొరకడం లేదు. 1944లో రోమ్‌కి వచ్చిన అమెరికన్ సైనికుల దగ్గరి బేకన్, గుడ్డు పొడి నుంచి పుట్టిందని ఒక బలమైన వాదన ఉంది. 1954లో ఒక ఇటాలియన్ వంటల పత్రికలో వచ్చిన కార్బొనారాలో గ్రూయేర్ చీజ్, వెల్లుల్లి ఉన్నాయి. ఆ తర్వాత దశాబ్దాల్లో ఇటలీలోనే క్రీమ్ కలిపి వండిన పేరున్న చెఫ్‌లు ఉన్నారు. ఇవాళ మనం కొలబద్దగా చూపిస్తున్న నాలుగు దినుసుల రూపం గట్టిపడింది ఇటీవలి దశాబ్దాల్లోనే.

కాఫీ రుచితో పొరలుగా చేసే తీపి టిరమిసు చూడండి. ఉత్తర ఇటలీలోని ట్రెవీజోలో ఒక రెస్టారెంట్ మెనూలోకి 1970ల మొదట్లో వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకునే కథ. అంటే మీ నానమ్మ కంటే వయసులో చాలా చిన్నది. పచ్చి మాంసాన్ని పలుచగా కోసి వడ్డించే కార్పాచ్చో వెనిస్‌లోని హ్యారీస్ బార్‌లో 1950లో పుట్టింది. 1889లో ఇటలీ రాణి మార్గెరీటా కోసం నేపుల్స్‌లో పిజ్జా చేశారన్న కథ అందరూ చెబుతారు గానీ, దాని ఆధారాలని చరిత్రకారులు గట్టిగానే ప్రశ్నిస్తున్నారు. టొమాటో సంగతి తెలిసిందే, అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో వచ్చిన కాయ. పాస్తాతో దాని జత కుదిరింది ఇంకెంతో ఆలస్యంగా.

ఇక ఎర్ర గళ్ల టేబుల్ క్లాత్ రెస్టారెంట్ల దగ్గరికి వస్తాను. 1880 నుంచి 1920 దాకా దాదాపు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికాకే వలస వెళ్లారు. ఎక్కువమంది దక్షిణాది పేదలు. సొంత ఊళ్లో మాంసం పండగకి గానీ కంటపడని కుటుంబాలు అవి. కొత్త దేశంలో మాంసం చవగ్గా, పుష్కలంగా దొరికింది. అక్కడే మాంసపు ఉండలు పెద్దవై స్పగెట్టి మీదికి చేరాయి, వంకాయతో చేసే పార్మిజానా చికెన్‌తో తయారైంది. ఫెట్టుచినీ ఆల్ఫ్రెడో అనే పాస్తాని రోమ్‌లో ఆల్ఫ్రెడో డి లేలియో వెన్న, పార్మిజానో చీజ్ మాత్రమే వేసి చేసేవాడు. 1920లో హనీమూన్‌కి వచ్చిన హాలీవుడ్ జంట మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ దాన్ని తిని మురిసిపోయారు. ఆ వంటకం అమెరికా చేరాక క్రీమ్ కలిసింది. అక్కడ దొరికే వెన్న, చీజ్‌తో ఆ నునుపు రాక క్రీమ్ పోసి ఉంటారని చాలామంది అంటారు.

ఈ వంటలన్నీ ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు దొరికినదాంతో కట్టుకున్న వంటలు. వాటిని నకిలీ అంటే వాళ్ల కష్టాన్ని లెక్కలోంచి తీసేసినట్టే. మీ నాన్నగారి రెస్టారెంట్ తన కాలపు రుచిని దాచి ఉంచింది. అది కూడా ఒక సంప్రదాయమే. దయచేసి తమ్ముడికి చదివి వినిపించండి.

ఆకుపచ్చ

మీ మరదలి కోసం రాస్తున్నాను. నేనూ గుడ్డు తినని శాకాహారినే. మాంసం ముక్క కనిపించకపోతే శాకాహారమే అనుకుంటారు చాలామంది. ఇటాలియన్ చోట అది కుదరదు.

ముందు చీజ్. అసలైన పార్మిజానో రెజ్జానో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే (పాలు విరగడానికి వేసేది) చేస్తారు, నిబంధనే అది. పెకొరీనో రొమానోకి గొర్రెపిల్ల రెన్నెట్. మీ మరదలు దీన్ని పట్టించుకుంటుందా లేదా అన్నది ఆమెనే అడగండి, కొందరు పట్టించుకోరు. పట్టించుకుంటే పెస్తో అనే ఆకుపచ్చ సాస్ కూడా వదిలేయాలి, అందులో ఈ చీజ్‌లే పడతాయి.

తర్వాత పాస్తా. ఎండు పాస్తా సాధారణంగా డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. ఇటలీలో 1967 నుంచి చట్టం కూడా డ్యూరమ్‌తోనే చేయాలంటుంది. స్పగెట్టి, పెన్నె దాదాపు ఎప్పుడూ క్షేమం. "ఫ్రెష్ పాస్తా" అని రాసి ఉంటే మాత్రం గుడ్డు ఉందనే అనుకోండి. లసాన్యా, రవియోలి (లోపల కూరిన పాస్తా), తాల్యతెల్లె ఈ కోవలోకే వస్తాయి. బంగాళదుంప ముద్దతో చేసే చిన్న ఉండలైన న్యోకిలో కొందరు గుడ్డు వేస్తారు, కొందరు వేయరు, అడగాలి.

కంటికి కనబడనిది స్టాక్, అంటే ఎముకలో మాంసమో కూరగాయలో ఉడికించిన నీళ్లు. మినెస్ట్రోనెలో, బియ్యంతో జారుగా చేసే రిజోట్టోలో చికెన్ స్టాక్ గానీ మాంసపు స్టాక్ గానీ పోయడం మామూలే. పుట్టనెస్కా సాస్‌లో ఆంచోవి చేపలు ఉంటాయి. ఫొకాచా బ్రెడ్‌లో కొన్నిచోట్ల పందికొవ్వు వాడతారు. తీపిలో పానకోటా అనే క్రీమ్ తీపికి జంతువుల నుంచి తీసే జెలటిన్, టిరమిసుకి గుడ్లు.

మరి ఏం తినాలి? స్పగెట్టి అల్యో ఎ ఓల్యో, అంటే వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి. పెన్నె అరబియాతా, అంటే కారం టొమాటో సాస్ పాస్తా. చీజ్ అసలే వేయని మరినారా పిజ్జా. టొమాటో, ఇటాలియన్ తులసి (బేసిల్) వేసిన కాల్చిన బ్రెడ్, బ్రుస్కెట్టా. చివర్లో నిమ్మ సొర్బెట్, అందులో గుడ్డుతెల్లసొన వేయలేదని తెలుసుకుని. ఇవన్నీ ఏ పాత ఇటాలియన్ వంటగదిలోనైనా పది నిమిషాల్లో అయ్యే పనులు. కానీ ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. టేబుల్ దగ్గర అందరి ముందూ ఒక్కొక్కటీ విడమరిచి అడగాలంటే మనసుకి కష్టంగా ఉంటుంది. ఆ ఇబ్బంది ఆమెకి రాకుండా మీరే చూడండి.

నిప్పుకణిక

పిజ్జా అంటే నాకు ప్రాణం. అయినా ఈసారికి పాత చోటికే నా ఓటు.

నేపుల్స్ పద్ధతి పిజ్జా పొయ్యి వేడి దాదాపు 485 డిగ్రీల సెల్సియస్. పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికి వచ్చేస్తుంది. ఆ పద్ధతిని కాపాడటానికి 1984లో నేపుల్స్‌లో ఒక సంఘమే పెట్టారు, 2017లో యునెస్కో ఆ పిజ్జా కళని వారసత్వ జాబితాలో చేర్చింది. అంత గొప్పదే. కానీ అది వేడివేడిగా, వచ్చిన నిమిషంలో తినాల్సిన తిండి. ఐదు నిమిషాలు కబుర్లు చెప్పుకుంటే అంచు సాగి తోలులా అవుతుంది. నమలలేని నానమ్మకి ఆ అంచు పెద్ద శిక్ష. పైగా అలాంటి చోట గోల ఎక్కువ, టేబుళ్లు చిన్నవి, తిని లేవాలన్న తొందర. పెళ్లిరోజు అంటే నిదానంగా కూర్చోవాలి కదా. తమ్ముడితో మీరిద్దరే ఇంకోరోజు పిజ్జాకి వెళ్లండి, సాయంత్రం పొయ్యి బాగా కాగాక.

నిదానంగా

నేను రిటైరైనవాణ్ణి. మా ఇంటికి దగ్గరలోని ఒక పాత ఇటాలియన్ రెస్టారెంట్‌కి పెళ్లికి ముందు నుంచీ వెళ్తున్నాను. అందుకే మీ నాన్నగారి మనసు నాకు తెలుసు.

ఆయన అక్కడికి కార్బొనారా కోసం మాత్రమే వెళ్లడం లేదు. జీతం వచ్చిన రోజు మీ అమ్మగారిని తీసుకెళ్లి ఉంటారు. మిమ్మల్ని చంకనెత్తుకుని వెళ్లి ఉంటారు. వడ్డించే మనిషి పేరు పెట్టి పలకరిస్తాడు, నీళ్లలో ఐస్ వద్దని చెప్పకుండానే తెలుసుకుంటాడు. ఈ వయసులో మనల్ని గుర్తుపట్టే చోట్లు తగ్గిపోతూ ఉంటాయి తల్లీ. ఉన్నవాటి విలువ మాకు తెలుసు.

అలాగని పాతదాన్నల్లా మెచ్చుకోమని చెప్పను. నేను వెళ్లే చోటే ఒకసారి చేతులు మారింది. కొత్త యజమాని టొమాటో సాస్‌లో చక్కెర పెంచాడు, ఆలివ్ నూనె మార్చి ఏదో చవక నూనె పెట్టాడు. పాత వంటవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బోర్డు అదే, ఫొటోలు అవే, రుచి మాత్రం పోయింది. నాకు చాలా బాధేసింది. చాలాకాలం అటువైపు వెళ్లలేదు. తర్వాత అక్కడే ఎదిగిన ఒక వంటమనిషి దాన్ని తీసుకుని నడపడం మొదలుపెట్టాక మళ్లీ వెళ్తున్నాను.

పాత చోటు ప్రాణంతో ఉందా లేదా అని నేను చూసే గుర్తులు కొన్ని. మొదట బ్రెడ్. టేబుల్ మీదికి ఎండిపోయిన బ్రెడ్ వస్తే లోపల ఎవరికీ పట్టింపు లేదని అర్థం. తర్వాత నూనె సీసా. మంచి నూనెకి పచ్చి గడ్డి వాసన, గొంతులో చిన్న మంట ఉంటాయి, మక్కిన వాసన వస్తే అది పాడైన నూనె. పనివాళ్లలో నెరిసిన తలలూ కుర్రవాళ్లూ ఇద్దరూ కనబడాలి. పెద్దవాళ్లే ఉంటే ఆ వంట వాళ్లతోనే పోతుంది, అందరూ కొత్తవాళ్లయితే ఇప్పటికే పోయిందన్నమాట. కూతురు నడుపుతోందని రాశారు, మంచి శకునం.

సాయంత్రపు_గాలి

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. నిదానంగా గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను, కళ్లు తుడుచుకుంది. చరిత్రపిచ్చి గారి పోస్టు తమ్ముడికి పంపాను. "సరే, వెళదాం. కానీ నా ప్లేట్లో క్రీమ్ వద్దు" అన్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆరుగురికి ఎన్ని ప్లేట్లు చెప్పాలి? ఏది ముందు, ఏది తర్వాత? నానమ్మకి ఏం చెప్పాలి? పోయినసారి విడివిడిగా చెబితే ఒకరు తినడం అయిపోయాక ఇంకొకరికి వచ్చింది.

పొయ్యిదగ్గర

ఇటలీలో వరుస ఇలా ఉంటుంది. ముందు ఆంతిపాస్తో, అంటే చిన్న తినుబండారాలు. తర్వాత ప్రిమో, అంటే పాస్తా, రిజోట్టో, లేదా సూప్. ఆ పైన సెకొందో, మాంసం లేదా చేప. దాని పక్కన కూరగాయలు, అవి వేరే ప్లేటు. చివర్లో తీపి, కాఫీ. ఈ వరుసలో ప్రిమో అంటే మనిషికి 80 నుంచి 100 గ్రాముల ఎండు పాస్తా. వెనకాల ఇంకో ప్లేటు ఉంది కాబట్టి అది చిన్నదే.

మీరు చెప్పిన తరహా రెస్టారెంట్‌లో మాత్రం పాస్తానే మొత్తం భోజనం, ప్లేటు దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకని వరుసంతా పాటించాలని చూడకండి. ఆరుగురికీ కలిపి రెండు ఆంతిపాస్తోలు మధ్యలో పెట్టించుకోండి, ఒకటి తప్పకుండా మీ మరదలు తినగలిగేది. నాన్నగారి కార్బొనారా, అమ్మగారి లసాన్యా వాళ్లకే పూర్తిగా. మరదలి ప్లేటు ఆమెకే, దాంట్లో వేరేవాళ్ల స్పూన్లు పెట్టొద్దు. మీకూ తమ్ముడికీ కలిపి ఒక పాస్తా, ఒక మాంసం ప్లేటు చాలు. అందరికీ కలిపి ఆకుకూరలదో వేయించిన కూరగాయలదో ఒక ప్లేటు.

నానమ్మగారికి మూడు మంచి దారులు ఉన్నాయి. బంగాళదుంప న్యోకి, నోట్లో పెట్టుకుంటే కరిగిపోవాలి. మొక్కజొన్న పిండితో జావలా చేసే పొలెంటా. మెత్తని రికోట్టా చీజ్ నింపిన రవియోలి. పాస్తా అయితే "బాగా మెత్తగా ఉడికించండి" అని మొహమాటం లేకుండా చెప్పండి. ఇంకో మూడు నిమిషాలు నీళ్లలో ఉంచడం మాకు ఏ కష్టమూ కాదు, చెప్పకపోతేనే మాకు తెలియదు. ఆమె రిజోట్టో అడిగితే ఇరవై నిమిషాలు పడుతుందని గుర్తుంచుకోండి, బియ్యం ఉడకడానికే పదహారు పద్దెనిమిది నిమిషాలు కావాలి. టిరమిసు సంప్రదాయ పద్ధతిలో పచ్చి గుడ్లతో చేస్తారు, వయసు మీద పడినవాళ్లకి పాశ్చరైజ్ చేసిన గుడ్లు వాడారేమో కనుక్కుని పెట్టండి.

"ఆంతిపాస్తో ముందు, మిగతావన్నీ ఒకేసారి" అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. ఈ ఒక్క మాటతో మీ పాత చిక్కు తీరిపోతుంది. ఆర్డర్ మొత్తం ఒకే మనిషి, ఒకేసారి చెప్పాలి. సగం చెప్పి, ఆగి, మళ్లీ చెబితే లోపల రెండు చీటీలవుతాయి, రెండు చీటీలు రెండు సమయాల్లో బయటికి వస్తాయి.

లెక్కలమాస్టారు

బిల్లు గురించి నాలుగు ముక్కలు. మెనూలో లేని "ఈరోజు ప్రత్యేకం" నోటితో చెబితే ధర కూడా వెంటనే అడగండి. పండగ పూట అడగడానికి మొహమాటపడి చివర్లో బిల్లు చూసి ముఖం ముడుచుకోవడం కంటే ఇది ఎంతో మర్యాద. చేప, పెద్ద మాంసపు ముక్క తూకం మీద అమ్మే చోట మెనూలో కనిపించేది వంద గ్రాముల ధర కావచ్చు. వండేముందు తూకం ఎంతో చెప్పించుకోండి.

ఇటలీలోనైతే కోపెర్తో అని తలకి ఇంత చొప్పున వేస్తారు, బ్రెడ్, టేబుల్ ఏర్పాట్లకి. రోమ్ ఉన్న లాట్సియో ప్రాంతంలో 2006 చట్టంతో అది కూడదన్నారు, దాంతో అక్కడ బ్రెడ్ పేరుతో వేసేవాళ్లు కనిపిస్తారు. వేరే దేశాల్లోని కొన్ని ఇటాలియన్ రెస్టారెంట్లలో సర్వీస్ చార్జీ ఉండొచ్చు. అది బిల్లులో కలిసి ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే విడిగా ఏమైనా ఇవ్వండి. కలిసి ఉన్నా, నాన్నగారిని ఏళ్లుగా చూసుకుంటున్న మనిషి చేతిలో కొంత పెట్టండి.

బొలోన్యా_విద్యార్థి

తమ్ముడుగారికి నా మాటగా ఇది చెప్పండి. క్రీమ్ లేని ప్లేటు కావాలంటే "కాచో ఎ పెపె చేస్తారా?" అని అడగమనండి. పెకొరీనో, మిరియాలు, పాస్తా నీళ్లు, ఇంకేమీ ఉండదు. దాచుకోవడానికి ఏమీ లేని వంటకం అది, నీళ్ల వేడి కాస్త ఎక్కువైతే చీజ్ ముద్ద కట్టేస్తుంది. వాళ్ల వంటమనిషి చేయి ఎలాంటిదో ఆ ఒక్క ప్లేటు చెప్పేస్తుంది.

టేబుల్ దగ్గర మాత్రం ఎవరినీ సరిదిద్దొద్దు. రొయ్యల పాస్తా మీద చీజ్ వేసుకున్నా, భోజనం అయ్యాక కాపుచినో అడిగినా (ఇటలీలో ఈ రెండూ కూడవంటారు) వదిలేయమనండి. ఇటలీలో నేను చూసిన పెద్దల భోజనాల్లో వాదనలు బోలెడు జరిగేవి గానీ, పండగ చేసుకుంటున్న మనిషి ప్లేటు మీద ఎవరూ వేలు పెట్టేవారు కాదు. ప్లేటు అడుగున మిగిలిన సాస్‌ని బ్రెడ్ ముక్కతో తుడుచుకుని తినమని చెప్పండి, వండినవాళ్లకి అంతకంటే సంతోషం లేదు.

సాయంత్రపు_గాలి

ఇప్పుడే ఫోన్ చేశాను. బుధవారం సాయంత్రం, తెరవగానే. నాన్న పేరు చెప్పగానే రెస్టారెంట్ నడిపే ఆ కూతురు గుర్తుపట్టింది. "కిటికీ పక్క టేబుల్ కదా, ఉంచుతాను" అంది. మినెస్ట్రోనెలో చికెన్ స్టాక్ పోస్తారట, అడిగి మంచి పని చేశాను. మరదలికి విడిగా కూరగాయల నీళ్లతో చిన్న గిన్నెలో చేస్తామన్నారు, అరబియాతా కూడా ఉంది. న్యోకి బుధవారం ఉదయమే చేస్తారట, నానమ్మకి అదే. కాచో ఎ పెపె మెనూలో లేదు గానీ తండ్రిగారు ఇంట్లో చేసేవారట, తమ్ముడి కోసం చేసి పెడతానంది. ఈ మాట చెప్పగానే వాడు తనే నాన్న దగ్గరికి వెళ్లి టైము ఎన్నింటికో చెప్పి వచ్చాడు.

చిన్నిపాప_అమ్మ

చాలా సంతోషం అక్కా. పొయ్యిదగ్గర గారూ, చిన్న సందేహం. మేమూ ఇలాంటి చోటికే వెళ్తుంటాం. పెద్ద ప్లేట్లు కదా, ఎప్పుడూ మిగులుతుంది. ఇంటికి తెచ్చుకుంటే ఏవి మర్నాడు బాగుంటాయి, ఏవి తెచ్చుకోకూడదు?

పొయ్యిదగ్గర

లసాన్యా ధైర్యంగా తెచ్చుకోండి, మర్నాటికి పొరలు సర్దుకుని రుచి ఇంకా బాగుంటుంది. పైన రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత పెట్టి సన్నని సెగ మీద వేడి చేయండి. మాంసపు రగూ కూడా అంతే. కార్బొనారా తేవద్దు. మళ్లీ వేడి చేస్తే గుడ్డు విరిగి పలుకులవుతుంది. ఆల్ఫ్రెడో అయితే వెన్న విడిపోయి నూనె తేలుతుంది, కొంచెం పాలు పోసి చిన్న సెగ మీద తిప్పుతూ ఉంటే చాలావరకు కలుస్తుంది.

రిజోట్టో తెస్తే దాన్ని మళ్లీ జారుగా చేయాలని చూడకండి. పెనం మీద వెన్న వేసి, పలుచగా పరిచి, రెండు వైపులా కరకరలాడేలా కాల్చండి. మిలాన్‌లో మిగిలిన రిజోట్టోని ఇలాగే తింటారు, అక్కడ దానికంటూ ఒక వంటకంగా పేరుంది. అన్నంతో చేసిన ఏ వంటకమైనా బయట రెండు గంటలకి మించి ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. పిల్లలున్న ఇల్లు కదా, ఈ విషయంలో జాగ్రత్త.

టిరమిసు ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయండి. దూరం ప్రయాణం ఉంటే అక్కడే తిని రండి.